గుర్రం మీది దొర సరే, గోదారి అడుగున బావుల మాటేమిటి?

ధవళేశ్వరం ఆనకట్ట చరిత్రను బోర్డుల మీద, ప్రదర్శన గదుల్లో చూపించే పనిలో ఉన్న అధికారులకు, ఇంజనీర్లకు, ఆ పని ఒప్పుకునే కాంట్రాక్టర్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ధవళేశ్వరం వచ్చినవాళ్ళు బ్యారేజీ మీద నిలబడి ఫొటో దిగుతారు. గుర్రం మీది కాటన్ దొర విగ్రహానికి ఓ దండం పెడతారు. పులసల రోజులైతే ధర అడిగి నోరెళ్ళబెట్టి బండెక్కేస్తారు. ఈ ఊరికి ఎందుకొచ్చామో, ఇక్కడ ఏం జరిగిందో తెలుసుకోకుండానే వెళ్ళిపోతారు. తప్పు వాళ్ళది కాదు. ఈ ఊరి కథ ఎప్పుడు చెప్పినా ‘ఎవరు కట్టారు’ అన్నదగ్గర మొదలై అక్కడే ఆగుతోంది. ‘ఎలా కట్టారు’ అన్నది చెబితేనే ‘ఎవరు’ అన్నదానికీ సరైన జవాబు దొరుకుతుంది. ఈ లేఖలో మేం అడిగేది ఇదే. కొత్త బోర్డు రాయించే ముందు, పాత గోడకు మరమ్మతు చేయించే ముందు, ఈ కింది సంగతులు ఒకసారి చూడండి.

మొదట చోటు సంగతి. నదికి అడ్డం కట్టాలంటే ఇరుకైన చోటు వెతకాలని ఎవరికైనా తోస్తుంది. పాపికొండల్లో గోదారి ఇరుకు. రాజమండ్రి దగ్గర కూడా రెండు మైళ్ళ లోపే. మరి నాలుగు మైళ్ళ వెడల్పున్న ధవళేశ్వరం ఎందుకు? వెడల్పులోనే ఉంది కిటుకు. అదే వరద ఇరుకులో లోతుగా, ఉరవడిగా పోతుంది. వెడల్పులో పల్చగా పరుచుకుంటుంది. గోడ మీదనుంచి దూకే నీరు ఎంత పల్చనైతే గోడ కింద ఇసుకను అంత తక్కువ తవ్వుతుంది. పైగా ఇక్కడ నది ఒక్క పాయగా లేదు. పిచ్చుకలంక, బొబ్బర్లంక, మద్దూరు లంక దాన్ని నాలుగు ముక్కలు చేశాయి: ధవళేశ్వరం పాయ, ర్యాలి పాయ, మద్దూరు పాయ, విజ్జేశ్వరం పాయ. లంకల మీద మట్టి గట్టు వేస్తే చాలు, రాతిపని పాయలకు మాత్రమే. అలా నాలుగు మైళ్ళ నదికి రాతి ఆనకట్ట రెండుంపావు మైళ్ళతో సరిపోయింది. సుమారుగా ధవళేశ్వరం పాయలో 4,870 అడుగులు, ర్యాలి పాయలో 2,860, మద్దూరు పాయలో 1,550, విజ్జేశ్వరం పాయలో 2,600. ఇంకో సంగతి, డెల్టా తల ఇక్కడే. ఇక్కడ నీటిని కాస్త ఎత్తి నిలబెడితే తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల మూడింటికీ వాటంగా దిగుతుంది. చివరిగా రాయి. ధవళేశ్వరం కొండ ఏటి ఒడ్డునే ఉంది. కొండ మీద జనార్దనస్వామి, కొండ పక్కన రాళ్ళ గని. రాయిని పది మైళ్ళ నుంచి మోయాల్సివస్తే ఈ పని లెక్కే వేరు.

మీ బోర్డుల్లో ఒక పటం వేసి ఈ నాలుగు పాయలు, మూడు లంకలు గుర్తుపెడితే సగం కథ అర్థమవుతుంది. పక్కనే ఇప్పటి గేట్ల లెక్క వేయండి. 1970లో మొదలై 1982కు పూర్తయిన సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీకి 175 గేట్లు: ధవళేశ్వరం పాయలో 70, ర్యాలిలో 43, మద్దూరులో 23, విజ్జేశ్వరంలో 39. పాత పాయల పొడవును ఈ గేట్లతో భాగించి చూడండి, ఏ పాయలోనైనా గేటుకు అటూ ఇటూగా 66 నుంచి 70 అడుగులు వస్తుంది. అప్పటి నది వెడల్పు ఇప్పటి గేట్ల లెక్కలో అలాగే కూర్చుని ఉంది. బడి పిల్లలకు ఇంతకంటే మంచి లెక్క ఎక్కడ దొరుకుతుంది?

దీనితోపాటు తీసేయాల్సిన గందరగోళం ఒకటుంది. ఇప్పుడు కనిపించే గేట్ల కట్టడం కింద ‘1852లో కాటన్ నిర్మించినది’ అని రాయకండి. ఆనకట్ట వేరు, బ్యారేజీ వేరు. ఆనకట్ట గేట్లు లేని అడ్డుగోడ. వేసవి నీటిని ఆపి కాలువల్లోకి మళ్ళిస్తుంది, వరదను తన నెత్తిమీదనుంచి పోనిస్తుంది. బ్యారేజీలో గోడ తక్కువ, గేట్లు ఎక్కువ. వరదొస్తే గేట్లు ఎత్తేస్తారు. కాటన్ కట్టింది 12 అడుగుల ఎత్తు ఆనకట్ట. 1862-67 మధ్య దాన్ని రెండడుగులు పెంచారు, 1897-99లో మరో 9 అంగుళాలు పెంచి, పైన వాలిపోయే ఇనుప షట్టర్లు పెట్టారు. ఒకే చోట మూడు తరాల పని ఉంది. మూడింటినీ మూడు రంగుల్లో ఒకే అడ్డుకోత బొమ్మ మీద చూపిస్తే ఒక్క చూపులో తెలిసిపోతుంది.

ఇక అసలు విషయం, పునాది. ధవళేశ్వరం పాయలో అడుగున బండరాయి లేదు, ఇసుకే. ఎంత తవ్వినా ఇసుకే. ఇలాంటి చోట గోడ నిలపడం ఎలాగో ఆంగ్లేయ ఇంజనీర్లకు వాళ్ళ దేశం నేర్పలేదు. కావేరి మీద చోళుల కాలం నాటి కల్లణై చూసి నేర్చుకున్నామని కాటనే ఒప్పుకున్నాడు. గోదారికి రాకముందు 1830లలో కావేరి పాయ కొల్లిడం మీద ఆనకట్టలు కట్టిన చెయ్యి అది. అక్కడ పట్టుబడిన విద్యే ఇక్కడికి వచ్చింది. ఇసుకలో వరసగా బావులు దించి, వాటినే గోడకు పునాది చేసుకోవడం ఆ విద్య. ఆ పని ఇలా సాగుతుంది.

ఏరు తగ్గాక, పుష్య మాఘాల్లో, ఇసుక మేట బయటపడుతుంది. గోడ రావలసిన గీత వెంట నీటిమట్టం దాకా కందకం తీస్తారు. దాంట్లో కొయ్యతో చేసిన గుండ్రటి చట్రం పరుస్తారు. దాని మీద ఇటుకతో, సున్నంతో బావి ఒర కట్టుకొస్తారు. ఇక్కడి బావుల లోతు ఆరడుగులు. సున్నం గట్టిపడ్డాక లోపలికి మనుషులు దిగి ఇసుక తోడతారు. తోడినకొద్దీ ఒర తన బరువుకు తానే కిందికి దిగుతుంది. నుయ్యి తవ్వి ఒర కట్టడం మనకు తెలిసిన పని. ఒర కట్టి నుయ్యి తవ్వడం దీనికి తలకిందులు. చట్రం అడుగుకు చేరాక లోపల రాయి, సున్నం దట్టించి మూసేస్తారు. పక్కపక్కనే ఇలా ఒక వరస బావులు దించి, మధ్య సందులు పూడ్చి, ఆ వరస నెత్తిన గోడ లేపుతారు.

ఇందులో ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా పూలపాన్పులా కనిపిస్తుంది. ఒక పక్క ఇసుక గట్టిగా, మరో పక్క వదులుగా ఉంటే ఒర వంగిపోతుంది. అప్పుడు దిగని పక్క ఎక్కువ తోడి, ఆ పక్కే పైన రాళ్ళ బరువు పెట్టి సరిచేయాలి. సున్నం పచ్చిగా ఉండగానే దించితే ఒర నడుముకు చీలుతుంది. లోపలి నీటిని తొందరపడి తోడేస్తే బయటి నీటి ఒత్తిడికి అడుగునుంచి ఇసుక పొంగి లోపలికి వచ్చేస్తుంది. తోడిందంతా వృథా కావడమే కాదు, పక్క బావి కింద కూడా ఖాళీ పడుతుంది. అందుకే నీటిని పూర్తిగా తోడకుండా, నీటిలోనే మునిగి ఇసుక తీసే పనివాళ్ళు కావాలి. మ్యూజియంలో ఒక బావి నమూనా కోసి, సగం దిగిన స్థితిలో పెట్టండి. గాజు పెట్టెలో మెరిసే పూర్తి ఆనకట్ట బొమ్మ కంటే ఆ సగం దిగిన బావి ఎక్కువ చెబుతుంది.

చూసినవాళ్ళు అప్పుడు ఒక ప్రశ్న అడుగుతారు, అడగాలి కూడా. ఆరడుగుల బావులు గోదారి వరదను ఎలా ఆపాయి? జవాబు లోతులో లేదు, వెడల్పులో ఉంది. గోడ ఎత్తు 12 అడుగులే, కానీ అడుగున ఎగువ నుంచి దిగువకు మొత్తం పరుపు దాదాపు 130 అడుగులు. ముందు వెనక గోడలు, మధ్యలో దట్టించిన ఇసుక, దాన్ని కప్పుతూ రాతి కట్టుబడి, 19 అడుగుల వెడల్పు నెత్తి, అక్కడినుంచి దిగువకు వాలుగా జారే రాతి పరుపు, ఆ తరువాత సున్నం లేకుండా పడేసిన పెద్ద రాళ్ళ మేట. ఎగువ నీరు గోడ కిందనుంచి ఇసుకలో ఊరి దిగువకు చేరాలంటే ఆ 130 అడుగులూ పాకాలి. పాకేసరికి దానికి ఇసుక రేణువును లేపే బలం ఉండదు. ఇక పైనుంచి దూకే నీరు. అది దిగువ అంచున గొయ్యి తవ్వుతుంది. ఆ గొయ్యి వెనక్కి పాకుతూ గోడ కిందికి వస్తే ఆనకట్ట కుంగుతుంది. సున్నం లేని రాళ్ళ మేట అందుకే. గొయ్యి పడితే రాళ్ళు తామే దాంట్లోకి జారి పూడుస్తాయి. తరువాతి వేసవిలో పైన మళ్ళీ రాళ్ళు వేస్తారు. కొన్నేళ్ళకు రాళ్ళు జారడం ఆగి మేట కుదురుకుంటుంది. అంటే ఆనకట్ట ‘1852లో పూర్తయింది’ అన్నమాట సగమే నిజం. గోడ 1852లో పూర్తయింది, రాళ్ళు వేయడం ఆ తరువాత కూడా ఆగలేదు.

రాయి గురించి చెబుతూ రైలు సంగతి. కొండ గని నుంచి ఏటి ఒడ్డుకు రాయి మోసేందుకు పట్టాలు వేసి తొట్టి బళ్ళు నడిపారు. ‘దేశంలో తొలి రైళ్ళలో ఒకటి, 1845’ అని చాలామంది ఉత్సాహంగా రాసేస్తున్నారు. ఆగి లెక్క చూడండి. కాటన్ మొదటి నివేదిక 1844 ఆగస్టు, రెండోది 1845 ఏప్రిల్. లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్ల అనుమతి 1846 డిసెంబరు 23. పని మొదలైంది 1847లో. అనుమతి లేని పనికి అంతకుముందే రాళ్ళబండి నడిచిందని రాయాలంటే గట్టి కాగితం చూపించాలి. బండి ఉందనడంలో సందేహం లేదు, ఏడాదే పేచీ. కాగితం దొరికేదాకా ‘ఆనకట్ట నిర్మాణ కాలంలో’ అని రాస్తే సరిపోతుంది, ఊరి గౌరవం ఏమీ తగ్గదు.

పని చేసే రోజులు ఏడాదికి ఆరు నెలల లోపే. ఏరు తగ్గేది పుష్యంలో, ఎర్రనీరు దిగేది జ్యేష్ఠం చివర, ఆషాఢంలో. ఆ మధ్యలో కందకం, బావులు, గోడ, పరుపు ఒక పొడవుకు పూర్తి కావాలి. సగంలో వదిలిన గోడ అంచును వరద కొరికేస్తుంది. మరో కష్టం మూత పెట్టేటప్పుడు. గోడ రెండు పక్కలనుంచీ వచ్చేకొద్దీ మధ్య సందు ఇరుకవుతుంది, సందు ఇరుకయ్యేకొద్దీ నీటి ఉరవడి పెరుగుతుంది, పడేసిన రాయి నిలవదు. చిన్నరాయి వేస్తే కొట్టుకుపోతుంది, పెద్దరాయి మోయడానికి మనిషి చాలడు. పడవలు, బళ్ళు, పనివాళ్ళు ఒకేసారి అక్కడ ఉండాలి. కాబట్టి ఈ పనికి రాయి ఎంత ముఖ్యమో మనుషులను ఒకచోట చేర్చి నడపడం అంత ముఖ్యం.

అక్కడికే వస్తున్నాం. తొలినాళ్ళలోనే పదివేల మంది కూలీలు, 500 మంది వడ్రంగులు, 500 మంది కమ్మరులు ఇక్కడ చేరారు. ఈ చిన్న ఊళ్ళో వాళ్ళకు బియ్యం, నీళ్ళు, పాకలు, పనిముట్లు అన్నీ కావాలి. పని మొదట్లో పుట్టిన వర్క్‌షాపు ఇందుకే. గునపాలకు మొన పెట్టడం, బళ్ళ చక్రాలకు పట్టా వేయడం, పడవలు అతకడం, తూముల షట్టర్లు, లాకుల తలుపులు చేయడం అన్నీ అక్కడే. టేకు ఎగువ అడవుల నుంచి తెప్పలుగా కట్టి నది మీదనే దింపేవారు. ఊరికి ఆ రోజుల్లో వచ్చిన పనితనం ఆనకట్టతో ఆగలేదు. కాటన్‌కు ఒంట్లో బాగోలేక 1848లో సెలవు మీద ఆస్ట్రేలియా వెళ్ళిపోతే, 1850లో తిరిగొచ్చేదాకా పని నడిపినవాడు కెప్టెన్ ఆర్ (Orr) అనే ఇంజనీరు. ఆ తరువాత బెజవాడలో కృష్ణకు ఆనకట్ట కట్టి 1855కు ముగించిందీ ఆయనే. హేగ్ అనే కుర్ర అధికారి గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా 49 ఖానాల (కమానుల) అక్విడక్టు (కాలువను ఏరు దాటించే వంతెన) 1852కల్లా లేపి నగరం లంకకు నీళ్ళు దాటించాడు. ఖానా ఒక్కోటి 40 అడుగులు. ఇప్పుడు దాని సరసనే కొత్త అక్విడక్టు ఉంది, డొక్కా సీతమ్మగారి పేరుతో. వీళ్ళ పేర్లు, వీణం వీరన్నగారి పేరు కాటన్ పేరు పక్కనే ఉండాలి. కూలీలను సమకూర్చి, పని నడిపించి, కాటన్ మెప్పు పొందిన మన మనిషి వీరన్న. అంతకుముందు సంగతి కూడా ఒక్క వాక్యం రాయండి. 1790లలోనే మైకేల్ టాపింగ్ కృష్ణా గోదావరి ప్రాంతాలను సర్వే చేసి సాగునీటి పనులకు సిఫారసు చేశాడు, 1796లో బందరులో పోయాడు. యాభై ఏళ్ళపాటు కంపెనీ వినలేదు. 1830ల మొదట్లో కరువు, 1839లో కోరంగిని ఊడ్చేసిన తుఫాను, జనం తగ్గి శిస్తు పడిపోవడం, 1844లో జిల్లా దుస్థితి మీద మాంట్‌గోమరీ నివేదిక, ఇవన్నీ కలిస్తేగాని చెవిన పడలేదు. శిస్తు తగ్గితే గాని కంపెనీకి కరువు కనిపించలేదన్నది మా అభిప్రాయం. బోర్డు మీద అభిప్రాయం అక్కరలేదు, తేదీలు వరసగా వేస్తే చదివేవాళ్ళే గ్రహిస్తారు.

పనివాళ్ళ గురించి రాసేటప్పుడు ఒక జాగ్రత్త. రాయి కొట్టడం వడ్డెరల చేతిపని, మట్టి పని ఉప్పర్లది, నీటి పని పల్లెకారులది అని ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. ఆ వృత్తుల పనిముట్లు, పనితీరు చూపించండి. కానీ ఏ కులంవాళ్ళు ఎంతమంది అని అంకెలు వేయకండి, హాజరు పట్టీ చేతిలో లేకుండా. అలాగే కాటన్ నోట ఎన్నో మాటలు పెడుతుంటారు. థేమ్స్ నది ఏడాది నీటిని గోదారి ఒక్క రోజు వరదతో పోల్చాడన్న మాట వాటిలో ఒకటి. ఏ నివేదికలో ఏ పేరాలో ఉందో చూపగలిగితేనే కొటేషన్ గుర్తుల్లో వేయండి.

లాకు గురించి నాలుగు మాటలు. ఈ తరం పిల్లలకు ‘లాకులు’ అంటే ఊరి పేరో, బస్టాపో. కాలువ మట్టం ఒకచోట మెట్టులా దిగేదగ్గర పడవను దింపే గది అది. గదికి పైన ఒక జత, కింద ఒక జత తలుపులు. ఆ రెండు రెక్కలూ మూసినప్పుడు తిన్నగా ఉండవు, ఎగువ వైపు మొన తేలి ఉంటాయి. నీరు ఎంత నొక్కితే అంత గట్టిగా బిగుస్తాయి, గడియ అక్కరలేదు. కింది తలుపులు మూసి పై తలుపుల్లోని చిన్న షట్టరు ఎత్తితే గది నిండుతుంది. మట్టం సమమయ్యాక పై తలుపులు చేత్తో తోస్తే తెరుచుకుంటాయి. పడవ లోపలికి వచ్చాక పైవి మూసి, కింది షట్టరు ఎత్తితే నీరు దిగి, పడవ దానితోపాటు దిగుతుంది. చెడేది రెండు చోట్ల. షట్టరు ఒక్కసారిగా ఎత్తితే లోపల నీరు సుడి తిరిగి పడవ గోడకు కొట్టుకుంటుంది, మోకులు తెగుతాయి. ఇంకొకటి, తలుపు ఆనుకునే గడప మీద బురద, కొమ్మ ఇరుక్కుంటే రెక్క పూర్తిగా మూసుకోదు, నీరు కారిపోయి గది నిండదు. లాకు చూసుకునే లస్కరు రోజూ చేసే పనిలో సగం ఆ గడప శుభ్రం చేయడమే. పాత లాకు తలుపు ఒకటి ప్రదర్శనకు పెడుతుంటే దయచేసి గోడకు ఆనించకండి. రెండు రెక్కలనూ ఎగువ మొన తేలేలా నిలబెట్టండి. గోడకు ఆనించిన రెక్క వట్టి పాత తలుపులా కనిపిస్తుంది.

1900లో రాజమండ్రి దగ్గర హేవ్‌లాక్ వంతెన మీద రైలు నడవడంతో పడవల జోరు తగ్గింది. నాగపూర్ దాకా పడవలు నడపాలన్న ఎగువ గోదావరి పథకం అంతకుముందే, 1871లో, దుమ్ముగూడెం ఆనకట్ట వగైరా సగం పనులతో ఆగిపోయింది. వైఫల్యం కూడా చరిత్రే కాబట్టి దానికి ఒక పలక కేటాయించండి. దుమ్ముగూడెం ఇప్పుడు తెలంగాణలో ఉందని దాన్ని వదిలేయక్కరలేదు.

ఇక మరమ్మతులు. పాత సున్నపు గోడ ఎక్కడ కనిపించినా దాని సందుల్లో సిమెంటు పూయించకండి. ఇది అన్నిటికంటే ఎక్కువ చేటు చేసే పని. సున్నం గాలి పీల్చే పదార్థం, గోడలోని తేమ సందుల ద్వారా బయటికి ఆరిపోతుంది. సిమెంటు సందును మూసేస్తే తేమ రాయిలోంచి పోవాలి. ఇక్కడి ఇసుకరాయి మెత్తన. లవణాలు రాతి ముఖం దగ్గర పేరుకుని, పొర పొరగా ఊడతాయి. కొన్నేళ్ళకు సిమెంటు గీతలు గట్టిగా నిలబడి, మధ్య రాళ్ళు గుంటలు పడతాయి. అంచనా తయారుచేసేటప్పుడు ఇలా రాయండి. వదులైన పాత సున్నాన్ని ఉలితో, సుత్తితో, యంత్రం లేకుండా, సందు వెడల్పుకు రెండింతల లోతు, కనీసం 20 మిల్లీమీటర్లు తీయాలి. నీటితో తడపాలి. కొత్త గార: కనీసం మూడు వారాలు నానిన సున్నపు ముద్ద ఒక పాలు, ఇటుక పొడి ఒక పాలు, జల్లించిన ఏటి ఇసుక ఒక పాలు, గానుగలోనో రుబ్బురోలులోనో మెత్తగా రుబ్బినది. ఒక్కసారికి 10 మిల్లీమీటర్లకు మించి నింపకూడదు, ఒక పొర బిగిశాకే రెండోది. పైన తడి గోనెలు వారం, పది రోజులు ఉండాలి. ఎర్రటి ఎండలో ఈ పని చేయిస్తే సున్నం ఎండిపోతుంది గాని బిగియదు, వేలితో గీకితే పొడిగా రాలుతుంది. బిల్లు పాస్ చేసే ముందు ఆ వేలి పరీక్ష చేయండి.

ఇనుప సామాను సంగతి. పాత క్రేను, పంపు, పళ్ళచక్రం ఏది ప్రదర్శనకు వచ్చినా రంగు డబ్బా తెరవకముందు దాని ఒళ్ళంతా వెతకండి. పోత ఇనుము మీద తయారీదారు పేరు, ఏడాది ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటాయి. బ్రష్షుతో తుప్పు దులిపి, పక్కనుంచి ఏటవాలుగా టార్చి వేస్తే నీడలో అక్షరం తేలుతుంది. ఫొటో తీసి, కొలిచి, రాసుకోండి. ఆ తరువాతే తుప్పు నిలిపే పూత, పైన మెరుపు లేని రంగు, రెండూ పల్చగా. నాలుగు పొరల వెండి రంగు పడ్డాక ఆ అక్షరాలు ఇక దొరకవు, యంత్రం వయసు చెప్పే సాక్ష్యం దానితోనే పోతుంది.

పాత డ్రాయింగులు ట్రేసింగు గుడ్డ మీద ఉంటాయి. ఆ గుడ్డకు గంజి పూత ఉంటుంది. తడిగుడ్డతో తుడిస్తే గంజి కరిగి గీతలు పోతాయి. లామినేషన్ అసలు వద్దు, ఆ వేడి, ఆ జిగురు మళ్ళీ వెనక్కి తీయలేనివి. చుట్టలుగా కాక పరిచి, మధ్యలో ఆమ్లం లేని కాగితం వేసి, చెక్క బీరువాలో కాక ఇనుప సొరుగుల్లో ఉంచాలి. స్కాను చేసేటప్పుడు 400 డీపీఐ, పక్కనే స్కేలు పట్టీ, ముందు వెనక రెండు పక్కలూ. వెనకవైపు పెన్సిలుతో రాసిన మరమ్మతు తేదీలు ఒక్కోసారి ముందువైపు బొమ్మకంటే విలువైనవి.

వరద అంకెల బోర్డు కూడా సరిచేయాలి. మొదటి హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75 అని పేపర్లలో ఏటా చదువుతాం. ఇవి గేజి మీది అంకెలు. నది లోతూ కాదు, సముద్రమట్టం నుంచి ఎత్తూ కాదు. మీటర్లలో మొదటి హెచ్చరిక సముద్రమట్టానికి 14.25 దగ్గర ఉంటుంది. ఈ తేడా చెప్పకుండా పాత ఆనకట్ట నెత్తి ఎత్తును, ఇప్పటి వరద మట్టాన్ని ఒకే బోర్డు మీద వేస్తే చూసేవాడికి 12 అడుగుల గోడ మీద 17 అడుగుల వరద అని తోస్తుంది. ఏ అంకె ఏ సున్నా నుంచి కొలిచారో పక్కన చిన్నగా రాయండి. 1986 ఆగస్టు వరద రికార్డు, 35 లక్షల క్యూసెక్కులు, అదే బోర్డు మీద ఉండదగినది.

ఇవన్నీ ఒకేసారి కావని మాకు తెలుసు. డబ్బు లేకుండా ఈ ఏడాదే అయ్యేది ఒకటుంది. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో పాత తూములు, లాకుల గడపలు, గోడల అడుగు భాగాలు బయటపడతాయి. ఇద్దరు సర్వేయర్లు, ఒక లెవెలింగు పరికరం, ఒక మంచి కెమెరా, పాత పని తెలిసిన ఒక లస్కరు ఉంటే పది రోజుల్లో ధవళేశ్వరం, బొబ్బర్లంక, విజ్జేశ్వరం మూడు చోట్లా కొలతలు తీయొచ్చు. ప్రతి కొలతకూ అడుగులు, మీటర్లు రెండూ రాయించండి, పాత డ్రాయింగులతో పోల్చాలంటే అడుగులు కావాలి. రాయి మీద చెక్కిన అక్షరాలు, గీతలు ఉంటే సున్నంతో దిద్దకండి, పలుచని కాగితం పరిచి బొగ్గుతో రుద్ది అచ్చు తీసుకోండి. జూన్‌లో కాలువలకు నీళ్ళు వదిలారంటే ఆ గడపలు మళ్ళీ ఏడాదిదాకా కనపడవు. కాబట్టి ఏప్రిల్ మొదటి వారంలోనే ఆర్డరు ఇవ్వండి.

ఇట్లు,
గోదావరి పాత నీటి కట్టడాల కొలతలు, సున్నపు పని, రికార్డులు చూసుకునే కొందరం